సగం గేటు సరిపోదు

రెండేళ్ల క్రితం వేసవిలో మా అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండి వెళ్దామని మోరిస్‌విల్ వచ్చారు. నాన్నగారు దక్షిణ మధ్య రైల్వేలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు నయాగరా చూపించమంటారు, వైట్‌హౌస్ చూపించమంటారు. ఈయన మాత్రం మొదటి వారంలోనే "ఏరా, రాత్రిళ్లు రైలు కూత వినిపిస్తోంది. ఆ లైను ఎక్కడుందో ఒకసారి చూపించు" అన్నారు.

మర్నాడు సాయంత్రం ఆయన్ని కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. దగ్గర్లో ఉన్న ఒక క్రాసింగ్ చేరేసరికి ఎర్ర దీపాలు వెలిగాయి, గంట మోగింది, గేటు దిగింది. నాన్నగారు అద్దం దించి కాసేపు పరీక్షగా చూశారు. "ఇదేంట్రా, గేటు సగం రోడ్డుకే పడింది? మిగతా సగం ఎవరికి వదిలేశారు?"

ఇక్కడ చాలా చోట్ల గేటు వచ్చే వైపు మాత్రమే పడుతుందని, ఎదుటి వైపు తెరిచి ఉంచితే అప్పటికే పట్టాల మీదున్న కారు బయటపడటానికి వీలవుతుందని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "తెరిచి ఉంచితే దూరతారు. మన దగ్గర మొత్తం మూసినా కింద నుంచి స్కూటర్ వంచి దూరేవాళ్లు. మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటే" అన్నారు. ఇంతలో ఒక గూడ్సు బండి నింపాదిగా వెళ్లిపోయింది. ఆయన అలవాటు కొద్దీ బోగీలు లెక్కపెట్టుకున్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. వాళ్లు ఇంకా మా ఇంట్లో ఉండగానే, ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నాను. పట్టాలు దాటగానే ట్రాఫిక్ సిగ్నల్ ఉంది. అది ఎర్రగా ఉంది. కార్లు బారులు తీరి ఉన్నాయి. ముందు కారు నాలుగడుగులు కదిలింది, నేనూ కదిలాను. మళ్లీ ఆగింది, నేనూ ఆగాను. బుర్రలో ఆఫీసు మీటింగే తిరుగుతోంది. గంట మోగాకే అర్థమైంది, నా కారు వెనక సగం పట్టాల మీదుందని. ముందుకు పోవడానికి చోటు లేదు. వెనక మరో కారు. అదృష్టం, సిగ్నల్ పచ్చగా మారింది, ముందు కారు కదిలింది. అద్దంలో చూస్తే గేటు నా వెనకే దిగుతోంది.

ఇంటికొచ్చి ఈ సంగతి నాన్నగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో కారు నడుపుతున్నాను. ఒక్క టికెట్ లేదు. నన్ను నేను జాగ్రత్తపరుణ్ణి అనుకుంటాను. అదే ఈ వ్యాసం రాయడానికి కారణం. తప్పు పూర్తిగా నాదే. కానీ నా తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఆ క్రాసింగ్ దగ్గర రేపు ఇంకొకరు అదే తప్పు చేయకుండా ఆగుతారా?

తప్పెవరిది అన్నదొక ప్రశ్న, మళ్లీ జరగకుండా ఏం చేయాలన్నది వేరే ప్రశ్న

రైలు పక్కకు తప్పుకోలేదు. గంటకు 55 మైళ్ల వేగంతో వెళ్లే గూడ్సు బండి బ్రేకు వేశాక ఆగడానికి మైలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ దూరం పడుతుంది. డ్రైవరు మిమ్మల్ని చూసేసరికి చేయగలిగేది కూత వేయడం ఒక్కటే. ఇక్కడి నిబంధనల ప్రకారం రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలవ్వాలి. ఖాళీ రోడ్డు మీద ఆ 20 సెకన్లు చాలు. ముందూ వెనకా కార్లున్నప్పుడు అవి చాలవు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1995 అక్టోబర్ 25న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఫాక్స్ రివర్ గ్రోవ్ అనే ఊళ్లో ఒక స్కూలు బస్సు పట్టాలు దాటి, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగింది. బస్సు వెనక భాగం కొద్దిగా పట్టాల మీదికి మిగిలిపోయింది. ఆ సంగతి డ్రైవరు గమనించలేదు. వేగంగా వస్తున్న కమ్యూటర్ రైలు ఢీకొని ఏడుగురు హైస్కూలు పిల్లలు చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, రైలు వస్తున్నప్పుడు రోడ్డు సిగ్నల్ ముందుగానే పచ్చగా మారి పట్టాల మీదున్న వాహనాలను బయటకు పంపాలి, కానీ ఆ రెండింటి టైమింగ్ సరిగ్గా కుదరలేదు. రైలు సిగ్నల్ ఒక సంస్థది, రోడ్డు సిగ్నల్ ఇంకొకరిది. మధ్యలో పిల్లలున్నారు.

డ్రైవరు చూసుకోవాల్సిందా? తప్పకుండా. కానీ అమెరికా అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత దేశమంతటా పట్టాల పక్కనున్న రోడ్డు సిగ్నళ్లను రైలు సిగ్నళ్లతో ఎలా జత చేశారో మళ్లీ పరిశీలించారు. నా కారు ఆ శుక్రవారం బయటపడిందంటే బహుశా ఆ ఏర్పాటు వల్లే అయ్యుండొచ్చు. నేను దాన్ని అదృష్టం అన్నాను. అది ఎవరో ఇంజినీరు పనితనం కావచ్చు.

వీధిలోకి వచ్చిన రైలు

ఇప్పటిదాకా చెప్పింది తన దారిలో తాను పోయే రైలు గురించి. రోడ్డు దాన్ని అక్కడక్కడ మాత్రమే దాటుతుంది. లైట్ రైల్ సంగతి వేరు. అది ఊరి నడిబొడ్డున, వీధిలోనే, కార్ల పక్కన నడిచే కరెంటు రైలు. మన పెద్దవాళ్లకు తెలిసిన ట్రాముకి కొత్త తరం. ఒక్కో బోగీ సుమారు 40 టన్నులు. చప్పుడు తక్కువ. ప్రతి కూడలీ ఒక క్రాసింగే, చాలా చోట్ల గేటు కూడా ఉండదు.

హ్యూస్టన్‌లో ఉన్న మన మిత్రులకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడ మెట్రోరైల్ మొదటి లైను 2004 జనవరి 1న మొదలైంది. ఏడున్నర మైళ్ల లైను. డౌన్‌టౌన్ నుంచి టెక్సస్ మెడికల్ సెంటర్ మీదుగా ఫ్యానిన్ సౌత్ దాకా. మన డాక్టర్లు, రిసెర్చర్లు ఎంతోమంది పనిచేసే చోటు. మొదటి ఏడాదిలోనే 60కి పైగా ఢీకొన్న సంఘటనలు జరిగాయి. ఊళ్లో జనం దానికి "వామ్ బామ్ ట్రామ్" అని పేరు పెట్టారు.

అధికారుల సమాధానం ఊహించగలిగిందే. కార్ల వాళ్లు ఎర్ర సిగ్నల్ దాటుతున్నారు, తిరగకూడని చోట ఎడమకు తిరుగుతున్నారు, రైలు తప్పేం లేదు. ఆ మాట చాలావరకు నిజమే. కానీ కారు నడిపేవాడి స్థానంలో కూర్చుని చూడండి. రైలు మీ పక్కనే, మీరు వెళ్తున్న దిశలోనే, వెనక నుంచి వస్తోంది. మీరు ఎడమకు తిరగడానికి ఎదురుగా వచ్చే కార్లనే చూస్తారు. ఎడమ భుజం వెనక నుంచి 40 టన్నుల బండి వస్తుందని మీ ఒంటికి అలవాటు లేదు. పైగా మెడికల్ సెంటర్ దగ్గర కొన్ని చోట్ల ఎడమకు తిరిగే కార్లు పట్టాలున్న లేన్‌లోకే ఎక్కి తిరగాలి. వీధుల్లో నడిచే లైట్ రైల్‌కి ఎక్కడైనా పెద్ద బెడద ఈ ఎడమ మలుపే.

హ్యూస్టన్ నేర్చుకుంది. సైన్ బోర్డులు మార్చారు, సిగ్నళ్లు మార్చారు, కొన్ని కూడళ్లలో రైలు వెళ్తున్నంతసేపూ అన్ని దిక్కులకూ ఎర్ర దీపం పెట్టారు. ఢీకొనడాలు తగ్గుముఖం పట్టాయి, పూర్తిగా ఆగలేదు. నా బాధ ఒక్కటే. ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ 2003లో తెలియనిది కాదు. అమెరికాలో అప్పటికే పదికి పైగా ఊళ్లలో లైట్ రైల్ నడుస్తోంది. ఎడమ మలుపు సంగతి వాళ్లందరికీ అనుభవమే. ముందే చేయాల్సింది దెబ్బలు తిన్నాక చేశారు.

మన రాష్ట్రంలోనే షార్లట్ ఇంకో దారి పట్టింది. 2007 నవంబర్‌లో మొదలైన బ్లూ లైన్ చాలా భాగం పాత రైలు దారిలోనే వెళ్తుంది, అంటే వీధిలో కార్లతో కలిసే చోట్లు తక్కువ. 2018 మార్చిలో యూఎన్‌సీ షార్లట్ దాకా పొడిగించినప్పుడు నార్త్ ట్రయాన్ వీధి మధ్యలోకి వచ్చింది. అక్కడ పట్టాలకు ప్రత్యేకంగా మీడియన్ కట్టారు. ఎడమకు తిరగాలంటే సిగ్నల్ ఉన్న చోటే తిరగాలి. మన పిల్లలు వందల సంఖ్యలో చదువుకునే యూనివర్సిటీ అది. ఒక బండి పోగానే దాటేద్దామని అడుగేసేవాడికి రెండో వైపు నుంచి వచ్చే బండి కనబడదు. ఫోన్ చూస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవాడికి ఎంత మంచి మీడియనూ పూర్తి రక్షణ ఇవ్వదు. నడిచేవాళ్ల కోసం వేరే ఆలోచన కావాలి. దాని గురించి కింద చెబుతాను.

మన ట్రయాంగిల్‌కి రావాల్సిన రైలు

మనకూ ఒక లైట్ రైల్ రావాల్సింది. డర్హమ్ కౌంటీ ప్రజలు 2011లో, ఆరెంజ్ కౌంటీ ప్రజలు 2012లో, మన వేక్ కౌంటీ 2016లో రవాణా కోసం అర సెంటు అమ్మకం పన్నుకి ఓటేశారు. డర్హమ్ - ఆరెంజ్ లైను 17.7 మైళ్లు, చాపెల్‌హిల్ యూఎన్‌సీ ఆసుపత్రుల నుంచి డర్హమ్ నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ దాకా. 2019 ఫిబ్రవరిలో డ్యూక్ యూనివర్సిటీ ఒప్పందం మీద సంతకం పెట్టనంది. వైద్య పరికరాల మీద విద్యుదయస్కాంత ప్రభావం, కంపనాలు వంటి కారణాలు చెప్పింది. ఆ మార్చి నెలాఖరులో ప్రాజెక్టు ఆగిపోయింది. అప్పటికే పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

ఈ కథలో అందరూ డ్యూక్‌నే గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తున్నది బ్లాక్‌వెల్ వీధి. డర్హమ్ బుల్స్ ఆట చూడటానికి వెళ్లిన ప్రతివాడూ దాటిన వీధి. అక్కడ ఇప్పటికే రైలు పట్టాలున్నాయి. వాటి పక్కన లైట్ రైల్ కూడా వస్తే క్రాసింగ్‌ను భద్రంగా ఉంచడం కష్టమని, వీధిని వాహనాలకు మూసేద్దామని ఒక దశలో ప్రతిపాదించారు. చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం చెప్పారు. చివరికి సొరంగం మాట వచ్చింది. ఖర్చు పెరిగింది, సమయం మించిపోయింది. ఒక్క క్రాసింగ్ ప్రశ్న ఏళ్ల తరబడి నడిచిన ప్రాజెక్టును చివరి నెలల్లో అతలాకుతలం చేసింది. భద్రతను చివరి పేజీలో రాసుకుంటే జరిగేది ఇదే. మొదటి పేజీలో రాసుకుని ఉంటే ఆ వాదన పదేళ్ల ముందే జరిగేది, తక్కువ ఖర్చులో తేలేది.

ఇంటి దగ్గర

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని క్రాసింగ్‌లో స్కూలు బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయారు. ఆ వారమంతా మన ఇళ్లలో డ్రైవరు తప్పు గురించే మాట్లాడుకున్నాం. అక్కడ గేటు లేదు, గేట్‌మేన్ లేడు. మనసు పెట్టి ఆలోచిస్తే ఫాక్స్ రివర్ గ్రోవ్‌కీ మాసాయిపేటకీ తేడా ఏముంది? తేడా తర్వాత జరిగినదానిలోనే ఉండాలి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని క్రాసింగ్‌లన్నీ తొలగించడం 2019 జనవరికి గాని పూర్తి కాలేదు. ఆలస్యమైనా అది జరిగింది, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. అయితే పట్టాలు దాటుతూ ఏటా సుమారు 15,000 మంది చనిపోతున్నారని కకోద్కర్ కమిటీ 2012లో చెప్పి, దాన్ని ఊచకోత అంది. వాళ్లలో ఎక్కువమంది నడిచి దాటేవాళ్లు. దాటడానికి వేరే దారి లేనివాళ్లు.

హైదరాబాద్ మెట్రో రైలుని పైకెత్తేసింది. 2017 నవంబర్‌లో మొదలై 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లయింది, అంతా స్తంభాల మీదే. రైలు, కారు ఢీకొనే ప్రశ్నే లేదు. మంచిదే. కానీ స్టేషన్ మెట్లు దిగిన మనిషి ఏమవుతాడు? ఉప్పల్ కూడలిలో నడిచేవాళ్ల కోసం స్కైవాక్ 2023లో గాని రాలేదు. అక్కడ రైలు నడవడం మొదలై అప్పటికే అయిదేళ్లు దాటింది. విశాఖ, విజయవాడ మెట్రోల మాట ఏళ్ల తరబడి నడుస్తోంది. అవి వచ్చే రోజున నడిచేవాడి దారి కూడా అదే కాగితం మీద గీస్తారా, అయిదేళ్ల తర్వాత గీస్తారా అని ఇప్పుడే అడగాలి.

మందు మన రాష్ట్రంలోనే ఉంది

నాన్నగారు సగం గేటు గురించి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే నాకు తెలిసిందేమిటంటే, అదే ప్రశ్న నార్త్ కరోలినా రవాణా శాఖ 1990లలోనే వేసుకుంది. రాలీ - షార్లట్ మధ్య, అంటే మన మోరిస్‌విల్ మీదుగా వెళ్లే ఈ లైను మీదే, "సీల్డ్ కారిడార్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. షార్లట్‌లో షుగర్ క్రీక్ రోడ్ క్రాసింగ్ దగ్గర కెమెరాలు పెట్టి, గేటు దిగాక చుట్టూ తిరిగి దూరేవాళ్లను లెక్కపెట్టారు. రోడ్డు మధ్యలో ఎదుటి లేన్‌లోకి పోనివ్వకుండా అడ్డు పెడితే దూరేవాళ్లు 77 శాతం తగ్గారు. రెండు వైపులా, నాలుగు గేట్లు పెడితే 86 శాతం తగ్గారు. రెండూ కలిపి పెడితే 98 శాతం తగ్గారు.

ఆ జనమే, ఆ రోడ్డే, ఆ రైళ్లే. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. ఖాళీ మూసేశారు, అంతే. కారు లోపల చిక్కుకుంటుందన్న నా సందేహానికి కూడా జవాబు ఉంది. బయటకు వెళ్లే వైపు గేటు కొద్ది సెకన్లు ఆలస్యంగా దిగుతుంది. ఈ లెక్కలు నాన్నగారికి చూపించినప్పుడు ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

నడిచేవాళ్ల విషయంలోనూ పద్ధతులు తెలిసినవే. పట్టాల దగ్గరికి తిన్నగా కాకుండా అడ్డకమ్మీల మధ్య వంకరగా నడిపిస్తే, రైలు వచ్చే వైపుకి ముఖం తిప్పక తప్పదు. నడిచేవాళ్లకు ప్రత్యేకంగా చిన్న గేటు. రెండో రైలు వస్తోందని చెప్పే దీపం. రెండు లైన్ల మధ్య నిలబడటానికి చోటు. వీధిలో రైలు వేగం తగ్గించడం. ఇవేవీ వంతెనంత ఖర్చయ్యేవి కావు. వంతెన కావలసిన చోట వంతెనే కావాలి. 2009 నాటి కేంద్ర ఉద్దీపన నిధులతో మోరిస్‌విల్ పార్క్‌వే దగ్గర, పక్కనే హాప్సన్ రోడ్ దగ్గర రైలునీ రోడ్డునీ విడదీశారు. 2021 మౌలిక వసతుల చట్టం ఇలాంటి క్రాసింగ్‌ల తొలగింపు కోసమే అయిదేళ్లకు 300 కోట్ల డాలర్లు కేటాయించింది. అడిగిన ఊళ్లకు వస్తాయి. అడగని ఊళ్లకు రావు.

"ఎంత కట్టినా బుద్ధిలేనివాడు చస్తాడు, వాడి కోసం మన పన్నులెందుకు?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతను మంచివాడే, తెలివైనవాడే. కానీ మాసాయిపేట పిల్లలు బుద్ధిలేనివాళ్లా? ఫాక్స్ రివర్ గ్రోవ్ పిల్లలా? వాళ్లు వెనక సీట్లో కూర్చున్నారు. తప్పు చేసేవాడొకడు, పోయేవాడొకడు. రైలు నడిపే మనిషిని కూడా మర్చిపోకండి. ఏమీ చేయలేక కళ్లెదుట అంతా చూసి, జీవితాంతం మోసేది అతనే.

మనం సాఫ్ట్‌వేర్ మనుషులం. వాడేవాడు తప్పు బటన్ నొక్కితే సిస్టం కూలిపోయేలా రాసి, వాడేవాడిదే తప్పు అని మన మేనేజర్‌తో అనగలమా? ఆఫీసులో ఒప్పుకోని మాటను రోడ్డు మీద ఎందుకు ఒప్పుకుంటున్నాం?

మన వంతు

మోరిస్‌విల్ జనాభా సుమారు 30 వేలు. అందులో సగానికి దగ్గరగా ఆసియా మూలాలున్నవాళ్లు, వాళ్లలో మనవాళ్లు ఎందరో మీకు తెలుసు. క్రికెట్ గ్రౌండ్ అడిగాం, వచ్చింది. గుడి కట్టుకున్నాం. భారత సంతతి వాళ్లను టౌన్ కౌన్సిల్‌కి పంపాం. కానీ రోడ్డు, రైలు, నడకదారి గురించి చర్చ జరిగే రోజున ఆ హాల్లో మనవాళ్లు ఎంతమంది కనిపిస్తారు? హైదరాబాద్ రాజకీయాల మీద రాత్రి రెండింటి దాకా వాదించుకునే మనం, మన పిల్లల స్కూలు బస్సు ఏ క్రాసింగ్ మీదుగా వెళ్తుందో కనుక్కున్నామా?

ఈ లైను మీద రాలీ - షార్లట్ మధ్య 2023 నుంచి రోజుకు అయిదు జతల ప్యాసింజర్ రైళ్లు నడుస్తున్నాయి. కమ్యూటర్ రైలు మీద అధ్యయనం జరిగింది. ఇది మంచి పరిణామం, నేను రైళ్లకు వ్యతిరేకిని కాను, రైల్వే ఉద్యోగి కొడుకుని. కానీ రైళ్లు పెరిగేకొద్దీ, ఊరు పెరిగేకొద్దీ, తెరిచి ఉన్న ప్రతి ఖాళీ ప్రమాదం కూడా పెరుగుతుంది.

అందుకే మూడు పనులు. మొదటిది, మీరు రోజూ దాటే క్రాసింగ్‌ను ఒకసారి కారు దిగి, నడిచి చూడండి. గేటు ఎంత పడుతోంది, సిగ్నల్ దగ్గర కార్లు పట్టాల దాకా నిలుస్తున్నాయా, నడిచేవాడికి చోటుందా? రెండోది, చూసినది టౌన్‌కీ రాష్ట్ర రవాణా శాఖకీ రాయండి. మాటలతో కాక కొలతలతో, సమయాలతో రాయండి. కౌన్సిల్ సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడటానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. మూడోది మీ ఇంట్లో చెప్పండి, ముఖ్యంగా కొత్తగా కారు నేర్చుకునే పిల్లలకీ వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లకీ. అవతల మీ కారు పట్టే చోటు కనిపించేదాకా పట్టాలెక్కొద్దు. కారు పట్టాల మీద ఆగిపోతే వెంటనే అందరూ దిగేయండి. శకలాలు మీద పడకుండా, రైలు వచ్చే దిక్కుకే కాస్త ఏటవాలుగా, పట్టాలకు దూరంగా పరిగెత్తండి. ప్రతి క్రాసింగ్ దగ్గరా నీలం రంగు చిన్న బోర్డు మీద రైల్వే ఫోన్ నంబరు, ఆ క్రాసింగ్ నంబరు ఉంటాయి. ముందు ఆ నంబరుకి, తర్వాత 911కి చేయండి. నేను ఆ క్రాసింగ్‌ను ఎన్నో ఏళ్లుగా దాటుతున్నాను. ఆ బోర్డును మొదటిసారి చూసింది ఆ శుక్రవారం తర్వాతే.

నాన్నగారు తిరిగి వెళ్లిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ పిల్లల గురించి అడుగుతుంది. ఆయన మాత్రం చివర్లో ఒక్క మాట అడుగుతారు. "ఏరా, ఆ మిగతా సగం గేటు సంగతి ఎవరినైనా అడిగావా?" మొదట్లో "అడుగుతాను నాన్నా" అని తప్పించుకునేవాణ్ణి. కిందటి నెల ఉత్తరం రాశాను. వచ్చే సమావేశానికి నేను వెళ్తున్నాను. మీరూ రండి.